కాగ్నా ఒడ్డున ఎత్తు చోట్లు

తాండూరు పోయివచ్చినవాళ్ళు నాపరాళ్ళ గురించి చెబుతారు, లేదా కందుల గురించి చెబుతారు. నేను ఎత్తు గురించి చెప్పవలసి ఉన్నది. కాగ్నా నది పొంగితే ఒడ్డునున్న ఊళ్ళవాళ్ళు ఎక్కి నిలబడగలిగిన చోట్లు ఏవి, అక్కడికి బండి పోయే దారి ఉన్నదా, లేకపోతే ఎక్కడ వేయాలి, ఇవన్నీ వానలకు ముందే రాసుకొని రమ్మని మా కచ్చేరీ నన్ను పంపింది. కొత్త పైసలు వచ్చిన మరుసటి ఏటి ఎండాకాలం అది.

నేను హైదరాబాదులో సర్వే గుమాస్తాను. అంతకు పదేళ్ళ ముందు మా ఇంటివాళ్ళు అటు పోతే స్టేషనుకు సవారీ బండి వచ్చేది, బండి ముందు మనిషి నడిచేవాడు. జాగీర్లతోపాటు అదీ పోయింది. ఫిర్యాదుగా రాయడం లేదు. ఎవరు చెబుతున్నారో తెలియకుండా ఈ ప్రయాణం చదివితే సగమే అర్థమవుతుంది.

నాతో జరీబు మోసే ఖాసిం వచ్చాడు. జరీబు అంటే భూమి కొలిచే ఇనుప గొలుసు. ఖాసిం నాకన్నా పదేళ్ళు పెద్ద. ముప్పై ఏళ్ళుగా ఆ గొలుసు మోసి మోసి కుడి భుజం కిందికి జారి ఉంటుంది.

వికారాబాద్

వికారాబాద్‌లో దిగగానే ముందు గాలి తెలుస్తుంది. అనంతగిరి గుట్టల మీదుగా వచ్చే ఆ గాలి వైశాఖంలో కూడా మెడకు చల్లగా తగిలింది. పట్నంలో మేముండే సందులో గాలి అంటే పక్కింటి పొయ్యి పొగ.

స్టేషను బయట చాయ్ దుకాణంలో పెద్ద పంచాయితీ నడుస్తున్నది. చాయ్ ధర ఒక అణా. అణాకు ఆరు కొత్త పైసలా, ఏడా?

"ఆరుంబావు అని సర్కారు రాసింది. పావు పైస యాడికెళ్ళి తేవాలె నేను?" అంటున్నాడు తాగినవాడు.

"నాలుగు చాయ్‌లు తాగు. ఇర్వయ్యైదు పైసలియ్యి. పావు గీవు లేకుండ బరాబర్ అయితది," అన్నాడు దుకాణదారు. అందరూ నవ్వారు.

పట్నంలో కొత్తవాడు కనబడితే బాగున్నారా అంటారు. ఇక్కడ మొదటి ప్రశ్న "ఏ ఊరు?" రెండోది "ఎవరింటోళ్ళు?" దుకాణదారు నన్ను ఆ రెండూ వరుసగా అడిగాడు. సర్కారు పని మీద వచ్చానన్నాను. అతను నా బూట్ల వైపు, పాత షేర్వానీ వైపు చూసి మరి అడగలేదు. కాని చాయ్ మాత్రం పింగాణీ కప్పులో ఇచ్చాడు. మిగిలినవాళ్ళంతా గాజు గ్లాసుల్లో తాగుతున్నారు.

"మొకం దాచితే దాగుతది సాబ్, నడక దాగదు," అన్నాడు ఖాసిం తరువాత.

రైలు కట్ట

వికారాబాద్‌కు, తాండూరుకు మధ్య పట్టాల పక్కన ఒక చిన్న పల్లె ఉన్నది. మూడేళ్ళ కింద వాగు పొంగి పల్లె మొత్తం మునిగింది, కాని ఒక్క మనిషి ప్రాణం కూడా పోలేదు. ఎట్లా సాధ్యమైందో చూసుకుందామని అక్కడ ఆగాము.

పట్టాల కాపలా చూసే గ్యాంగ్‌మన్ ఇంట్లో లేడు. అతని భార్య వాకిట్లో జొన్నలు చెరుగుతున్నది. నేను కాగితం తీసి, ప్రమాద సూచన ముందుగా ఎవరిచ్చారు, దారి ఎవరు చూపారు అని అడిగాను. ఆమె చేట ఆపి ఖాసిం వైపు తిరిగింది.

"ఏమంటున్నడే అన్నా గీ సారు?"

"వాన నాడు యాడికి ఉరికిన్రు అంటున్నడు చెల్లె."

"యాడికి ఉరుకుతం? కట్ట మీదికే. పొద్దున లేస్తే గా కట్ట మీదికెళ్ళే కదా పనికి పోయేది. మేకలు పోతయ్, మేము పోతం, మా అత్త కండ్లు కనబడకున్నా పోతది. ఒగలు జూపేదేంది?"

కాగితంలో 'దారి చూపినవారు' అన్నచోట ఒక గీత పెట్టాను. రైలు కట్ట సర్కారు ఆస్తి. దాని మీద నడవకూడదని అక్కడే బోర్డు కూడా ఉన్నది. దాన్ని ఎవరూ చదవకపోవడం వల్ల ఒక పల్లె బతికింది.

ఆమె మాకు చెరో గ్లాసు అంబలి ఇచ్చింది. ఖాసిం గటగటా తాగాడు. నేను నిలబడే తాగాను. ఉల్లిపాయ ముక్క పంటికింద కరకరలాడింది. అంత మంచి అంబలి నేను మరెక్కడా తాగలేదు. ఆ మాట అక్కడే ఆమెతో అని ఉండవలసింది.

తాండూరు

తాండూరు స్టేషను నుంచి ఊళ్ళోకి పోయే దారికి రెండు వైపులా నాపరాళ్ళు నిలబెట్టి ఉంటాయి, అచ్చు పుస్తకాలు పేర్చినట్టు. రాయి కొట్టేవాళ్ళ కనుబొమలు తెల్లగా దుమ్ము పట్టి ఉంటాయి. ఇళ్ళ గోడలు, కప్పులు, బర్రెల కొట్టంలో కుడితి తొట్లు, అన్నీ ఆ రాయే. పట్నంలో ఆ బండలు పరుచుకున్నవాళ్ళు గొప్పవాళ్ళు. ఇక్కడ వాటి మీద పిడకలు ఎండుతున్నాయి.

బస్టాండు దగ్గర ఒక పూటకూళ్ళ ఇల్లు. అక్కడి మాటలో కన్నడం కలిసి ఉంటుంది. వడ్డించే పెద్దావిడది అచ్చమైన కన్నడమే. జొన్నరొట్టె, పుంటికూర పప్పు, ఎర్ర కారం. మూడో రొట్టె నేను వద్దనగానే ఆవిడ నా ముఖంలోకి చూసి "సాకా?" అన్నది.

నాకు కోపం వచ్చింది. "నాకు సాకులు చెప్పే అలవాటు లేదమ్మా. ఆకలి తీరింది," అన్నాను.

ఆవిడ బిత్తరపోయి మళ్ళీ, ఇంకా మెల్లగా, "సాకా అప్పా?" అన్నది.

ఖాసిం నోట్లో రొట్టెతోనే నవ్వడం మొదలుపెట్టాడు. "సాబ్, సాకు అంటే వాళ్ళ మాటల చాలు అని. చాలా అని అడుగుతున్నది పాపం, కొట్లాటకు రాలే!"

ఆ రోజు నాలుగో రొట్టె కూడా తిన్నాను, క్షమాపణ చెప్పడం చేతగాక. పెద్దావిడ దాని మీద ఇంత వెన్న వేసింది.

వాగు దగ్గర

నేను పోవలసిన చివరి ఊరు కాగ్నా ఒడ్డున ఉన్నది. దాని పేరు ఇక్కడ రాయను. ఆ ఊరిపేరే మా ఇంటిపేరు. మావాళ్ళు ఊరు వదిలినప్పటి నుంచి నేను అటు పోలేదు. జాబితాలో ఆ పేరు కనబడినప్పుడు ఇంకొకరిని పంపమని అడగగలిగేవాణ్ణే. అడగడానికి కారణం చెప్పాలి గనుక అడగలేదు.

బండివాడు బొంరాస్‌పేట మనిషి. ఊరు ఇంకా కొంత దూరం ఉండగా దారికి అడ్డంగా ఒక వాగు, ఎండాకాలం గనుక ఇసుక మాత్రమే. ఆ ఇసుకలో చక్రం దిగబడి బండి ఒరిగింది. నేను దిగబోయి మోకాళ్ళ దాకా కూరుకుపోయాను. బండివాడు నన్ను చంకల కింద చేతులు వేసి పైకి లాగాడు. పెద్దయ్యాక నన్ను అట్లా ఎత్తినవాళ్ళు ఎవరూ లేరు.

"వాన పడితే ఎంతసేపట్లో నిండుతుంది ఇది?" అన్నాను ఇసుక దులుపుకుంటూ.

"బీడీ ముట్టిచ్చి తాగేలోపట నిండుతది సారూ. గప్పుడు మీ సర్కారోళ్ళు గీ ఒడ్డుకు, ఊరోళ్ళు గా ఒడ్డుకు. చేతులూపుకుంటం. మస్తుగుంటది."

వాగు మీద వంతెన అవసరమని రాసుకున్నాను. అప్పటి వరకు బయటి నుంచి ఈ ఊరికి సాయం రాదని కూడా రాశాను. అంటే ఈ ఊరికి ఎత్తు చోటు ఊళ్ళోనే ఉండాలి. అది నాకు ముందే తెలుసు. ఏది ఆ చోటో కూడా తెలుసు.

గడి

మా గడి, అంటే దొరల కోటలాంటి ఇల్లు, దిబ్బ మీద ఉంటుంది. మా ముత్తాతగారు కట్టించారు. నాపరాతి గోడలు, లోపల ఊరంతా పట్టే వాకిలి, ముందు ఆరు మెట్లు, మెట్ల పైన ఇనుప బొడిపెల తలుపులు. కప్పు సగం కూలింది. గోడ మీద రావి మొక్క మొలిచింది. తలుపులు మాత్రం అట్లాగే ఉన్నాయి. లోపలి గడియ లేదు, బయట తాళం లేదు, దగ్గరికి లాగి ఉన్నాయి.

ఖాసిం గొలుసు పరిచాడు. మూడేళ్ళ కిందటి బురద గీత ఊళ్ళోని ప్రతి గోడ మీదా కనబడుతున్నది. గడి దగ్గర ఆ గీత మూడో మెట్టు మీద ఆగింది. లోపలి వాకిలి అంతకంటే ఇంకా మూడు మెట్లు పైన ఉన్నది. మా ముత్తాతగారి ముందుచూపుకు నాలో నేను మొక్కుకున్నాను. ఆ ఊళ్ళో అంతకు మించిన చోటు లేదు, అక్కర కూడా లేదు.

అప్పటికే జనం పోగయ్యారు. చెప్పులు విప్పి చేతుల్లో పట్టుకొని మెట్ల కింద నిలబడ్డారు. ముందున్నది గొర్రెలు కాసే బీరప్ప. చిన్నప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకొని మంద చూపించినవాడు. వరదలో ఊళ్ళో ఎవరైనా పోయారా అని అడిగాను. ఒక్క పిల్ల పోయింది అన్నారు.

నాకు నిజంగానే అర్థం కాలేదు. "ఇంత దగ్గర ఇంత ఎత్తు పెట్టుకొని ఇక్కడికెందుకు రాలేదు బీరప్పా?"

"వచ్చినం దొరా."

"వస్తే?"

"ఇత్తిలా జేసినం. ఎవ్వలు పలకలే."

ఈ మాట చదివేవాళ్ళకు విడమరచి చెప్పాలి. ఇత్తిలా అంటే వచ్చామని కబురు చెప్పడం. మా గడికి ఎవరు వచ్చినా మెట్ల కింద నిలబడి "దొరా, ఇత్తిలా" అని కేకవేయాలి. లోపలి నుంచి "రా" అన్న మాట వినబడితేనే మెట్టెక్కాలి. తలుపు లోపలివాళ్ళే తెరవాలి. బయటినుంచి దానికి చేయి తగలకూడదు. ఎవరు పెట్టారో తెలియదు, ఎప్పుడూ ఉన్నది. చిన్నప్పుడు మేము ఆటల్లో కూడా ఇత్తిలా ఆడుకునేవాళ్ళం. నేను ఎప్పుడూ లోపలివాణ్ణే.

"లోపల ఎవరూ లేరని మీకు తెలియదా?"

"ఎరుకే దొరా. మీరు పట్నం పోతిరి. కావలాయన సచ్చిపాయె. లోపట పావురాలు తప్ప ఏం లేవని పోరగాండ్లకు సుత ఎరుకే." బీరప్ప చెప్పులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అయినా ఇత్తిలా జేసినం. తెల్లారి సంది ఒర్రినం. నీళ్ళు నడుం దాక వచ్చినంక మెట్లు ఎక్కినం. తప్పే. ఎక్కినం."

"మరి తలుపు?"

జనం వెనకనుంచి ఒకామె ముందుకు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. పేరు సాయమ్మ. పొలాల్లో కూలి చేస్తుంది. పోయిన పిల్ల తల్లి అని నాకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. జనం ఆమెకు దారి ఇచ్చిన తీరులోనే తెలిసింది.

"నేను జెప్త దొరా. గా ఆరు మెట్ల మీద ఊరంత నిలవడ్డది. మీది మెట్టు మీద జాగున్నది. కని తలుపుకు ఈపు తగులుతదని ఎవ్వలు జరగలే. జర జరిగితే ఇంకో పదిమంది పడుదురు. నేను, నా బిడ్డ కడకున్నం. అది నన్నడిగింది. అమ్మా, తలుపు నూకుదామా, అన్నది. నోర్ముయ్, దొరలు ఇంటరు, అన్న."

ఆమె అంతవరకే చెప్పింది. మిగిలింది బీరప్ప నేలను చూస్తూ చెప్పాడు. రాయి నాచు పట్టి ఉన్నది. పిల్ల కాలు జారింది. తొమ్మిదేళ్ళది.

ఖాసిం గొలుసు చుట్టుకుంటున్నవాడు ఆపేశాడు.

తలుపు

నేను మెట్లెక్కి అందరికీ వినబడేటట్టు చెప్పాను. ఈ రోజు నుంచి ఈ గడికి ఇత్తిలా లేదు. వాన వచ్చినా వరద వచ్చినా ఎవరైనా లోపలికి పోవచ్చు. ఇది నా మాట, నేను ఈ ఇంటి వారసుణ్ణి.

"మంచిది దొరా," అన్నారు అందరూ. ఎవరూ కదలలేదు.

సాయమ్మ మాత్రం అన్నది. "గిప్పుడు నువ్వున్నవు, జెప్తివి. వాన నాడు నువ్వుంటవా?"

వడ్రంగిని పిలిపించండి, తలుపులు ఊడదీయిద్దాం అన్నాను. ఆ తలుపులు మా ఇంటికి మిగిలిన చివరి వస్తువులు. వాటిని పట్నం తెప్పించుకోవాలని మా నాన్నగారు పోయేవరకు అనుకునేవారు.

"తీయకు," అన్నది సాయమ్మ.

"ఎందుకు?"

"గిది తీస్తవ్. పటేలింటి తలుపు ఎవలు తీస్తరు? బడి తలుపు? గుడి తలుపు? నా బిడ్డకు తలుపు నూకుడు నేను నేర్పలే దొరా. వద్దనుడే నేర్పిన. తలుపు ఉండనియ్యి. పోరగాండ్లు దాన్ని నూకాలె."

గడి లోపలికి చేయి చూపి ఇంకో మాట అన్నది. "నువ్వు లోపటికి పొయ్యి కూసో. పలకొద్దు. ఎవలొచ్చినా రా అనొద్దు. పో."

నన్ను ఆ ఊళ్ళో పో అన్నవాళ్ళు అంతకు ముందు లేరు. లోపలికి పోయి వాకిట్లో కూలిన దూలం మీద కూర్చున్నాను. వెనక ఖాసిం తలుపులు దగ్గరికి లాగాడు. చీకటి పడలేదు, కప్పులేని చోట నుంచి మధ్యాహ్నపు ఎండ పడుతున్నది. పావురాలు లేచి మళ్ళీ వాలాయి.

బయట సాయమ్మ గొంతు వినబడింది. "ఒగరెనక ఒగరు రాండ్రి. నోరు తెరవొద్దు. చేయి పెట్టుండ్రి, నూకుండ్రి."

మొదటివాడు మెట్లెక్కి తలుపు ముందు నిలబడి సన్నగా అన్నాడు. "దొరా, ఇత్తిలా."

"నీ నోట్లె మన్ను వడ! ఏం జెప్పిన? మళ్ళ దిగు, మళ్ళ రా!"

జనం నవ్వారు. వాడు మళ్ళీ వచ్చాడు. తలుపు కదలలేదు, తరువాత కిర్రుమన్నది, ఒక సందు తెరుచుకొని అందులోంచి ఒక ముక్కు కనబడింది. నన్ను చూసి వెనక్కి ఉరికాడు. "ఉన్నడు! దొర లోపట్నే ఉన్నడు!"

"ఉండనియ్యిరా! మళ్ళ నూకు!"

అట్లా ఎంతమంది వచ్చారో నేను లెక్కపెట్టలేదు. ప్రతిసారీ ఖాసిం తలుపు లాగి మూసేవాడు. ఒక పిల్ల రెండు చేతులతో బలమంతా పెట్టి, తలుపు తేలిగ్గా పోయేసరికి నా కాళ్ళ ముందు బోర్లా పడింది. లేపబోయి, పలకకూడదని గుర్తొచ్చి చేతులు వెనక్కి తీసుకున్నాను. అది తనే లేచి, మోకాలు తుడుచుకొని, వాకిలి నాలుగు వైపులా చూసి "ఇంతేనా?" అన్నది. ఒకడు తమ్ముణ్ణి చంకన వేసుకొని వచ్చి, వాడి అరచేతిని తలుపుకు ఆనించి వాడిచేత నూకించాడు. చివరికి బీరప్ప కూడా వచ్చాడు. చెప్పులు చేతిలోనే ఉన్నాయి. మోచేత్తో నూకాడు. నన్ను చూడకుండా లోపలికి వచ్చి, చూడకుండానే బయటికి పోయాడు.

తరువాత తలుపు మళ్ళీ మూసుకున్నది. బయట గోల తగ్గింది. పిల్లలు ఎటో ఉరికినట్టున్నారు. ఇక ఎవరూ లేరనుకొని లేవబోతుంటే మెట్ల మీద కాళ్ళ కడియాల చప్పుడు వినబడింది. ఆరో మెట్టు మీద ఆగింది.

నేను కూర్చునే ఉన్నాను. తలుపు సందులోంచి చీర రంగు కనబడుతున్నది. రా అన్న ఒక్క అక్షరం నా నోటి దాకా వచ్చింది. ఆ ఇంట్లో పుట్టినవాళ్ళందరం ఆ మాట ఎంత సులువుగా అనేవాళ్ళమో, ఎంత ఆలస్యంగా అనేవాళ్ళమో. పలకవద్దని ఆమె చెప్పింది. పలకలేదు.

చాలాసేపటికి తలుపు ఒక బెత్తెడు కదిలి ఆగింది. తలుపు అంచు మీద నల్లటి నాలుగు వేళ్ళు కనబడ్డాయి. ఆమె లోపలికి చూడలేదు. పక్కకు, మెట్టు చివరకు, కడన ఎవరో నిలబడి ఉన్నట్టుగా చూసి మెల్లగా అన్నది.

"తెరుచుకుంటదే బిడ్డా."